చొప్పను కూడా లెక్కలో రాయండి
(కొండాపూర్ బస్తీ సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



1998 నవంబరులో ఇక్కడ సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించిండు. ఈ అద్దాల మేడల్ని ఊడ్చేది, కాపలా కాసేది మనోళ్లే. చాలామందికి ఊర్లో ఎకరమో, అరెకరమో అసైన్డ్ భూమి ఉన్నది. "పంట గిట్టదు సారూ" అని బీడు పెట్టిన్రు. గింజ ఒక్కటే తూకమేస్తే ఎట్ల గిట్టుతది?

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత ఆడవాళ్లు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా కూడి, బీడు భూముల్లో జొన్న, కంది, అలసంద కలిపి పండించిన్రు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. జొన్న మనకు, చొప్ప బర్రెకు, పెండ చేనుకు. కంది ఆకు రాలి నేలకు సత్తువ. పొట్టి హైబ్రిడ్ జొన్నకు గింజ ఎక్కువే, చొప్ప తక్కువ. పశువులున్నోళ్లు ఆ సంగతి కూడా చూసుకోవాలె.

పెండ అంటే మనకు వెట్టి యాదికొస్తది. మా అమ్మ పటేల్ కొట్టంల పెండ ఎత్తింది, అది పటేల్ పొలానికే పోయింది. మన కొట్టంల పెండ మన చేనుకు పోవుడు వేరు.

బర్రె కోసం అప్పు చేయొద్దు. రెండు మేకలతోటి మొదలుపెట్టుండ్రి. పెండకుప్పను ఎండకు వదిలితే బలం పోతది, నీడన గుంత తీసి మట్టి కప్పుండ్రి. బ్రోకర్ అడ్వాన్సు ముట్టొద్దు, అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం ఒప్పదు. పండుగకు ఊరికి పోయినప్పుడు పాసుపుస్తకం ఎవరి దగ్గరుందో చూసి రాండ్రి.