పురుటింటి తొలి వారములు

1891లో బెంగాల్ నాగపూర్ రైలుమార్గము బిలాసపురము మీదుగా పూర్తియైన పిదప ఉద్యోగములకై వచ్చి ఇచట స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పొరుగింటి ఛత్తీస్‌గఢీ ఇల్లాలు బాలింతరాలికి 6వ నాటి ఛట్టీ వేడుక ముచ్చటలు చెప్పుచుండగా, మన ముత్తైదువలు 11వ నాటి పురుటికి, 21వ నాటి బారసాలకు లెక్కలు కట్టుచుందురు.

రాత్రి డ్యూటీ దిగివచ్చిన తండ్రిని కలవరపెట్టు లెక్క వేఱు. అది బిడ్డ తూకము. తొలి దినములలో 10 శాతము వరకు తగ్గి, సుమారు రెండు వారములలో మరల పూర్వపు తూకమునకు వచ్చుట సహజమే. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించుట మాత్రము, పెద్దలు కోపగించినను, మానవలసిన ఆచారము. దినమునకు 8 మొదలు 12 మార్లు పాలీయవలెను. యార్డులో ఇంజను కూత వేసినంతనే పసికందు ఉలికిపడి, చేతులు రెండును బారచాచి, వ్రేళ్లు విప్పి, మెల్లగా గుండెలకు ముడుచుకొనును. అది భయము కాదు, ఆరోగ్యలక్షణము.

నల్లబడిన బొడ్డుతాడు ఒకటి రెండు వారములలో తానే ఊడును. ఆముదము, పసుపు పూయక పొడిగా నుంచిన చాలును. రెండు మూడవ దినములలో కనుపించు పచ్చదనము పెక్కుమందికి తగ్గిపోవును గాని, తొలి 24 గంటలలోనే కనుపించినను, అరచేతులకు ప్రాకినను, బిడ్డ పాలు త్రాగక మగతగా నున్నను, ఒంటివేడి 38 డిగ్రీల సెంటిగ్రేడు చేరినను, వర్జ్యము చూడక ఆసుపత్రికి కొనిపోవలెను.