మన పిల్లల చేతిలో మట్టి
(సొసైటీ వార్షిక సభ సందర్భంగా మధురానగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మా బడి పిల్లలు వారానికి ఒక పూట మట్టితో పలకలు, గిన్నెలు, కూజాలు చేస్తున్న సంగతి మీలో చాలామందికి తెలుసును. ఆ సంగతి విని కొందరు తల్లిదండ్రులు మా వద్దకు వచ్చి, "సార్, మా వాణ్ణి కుమ్మరిని చేస్తారా ఏమిటి?" అని అడిగినారు. వారి దిగులు మాకు అర్థమవుతుంది. ఇక్కడికి దగ్గరలోనే అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు. అటు అందరి పిల్లలూ పరుగెత్తుతుంటే మన పిల్లలు బురదలో కూర్చున్నారేమని అనిపిస్తుంది. ఆ దిగులుకు జవాబుగానే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ క్లాసులో ఏం జరుగుతుందో చెబుతాము. మట్టిని బాగా పిసికి గాలి బుడగలు లేకుండా చేయాలి. కూజాకు పిడి పెట్టేటప్పుడు రెండు వైపులా గీతలు గీసి, చిక్కని మట్టినీళ్లు పూసి నొక్కాలి. ఊరికే అంటిస్తే ఆరేటప్పుడు ఊడిపోతుంది. తరువాత గుడ్డ కప్పి నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. ఎండలో పెడితే అంచు ముందే ఆరిపోయి, అడుగు తడిగా ఉండి, బీటలు వారుతుంది. తడి ఆరని వస్తువును బట్టీలో పెడితే లోపలి నీరు ఆవిరై దాన్ని పగలగొడుతుంది. తొందరపడే పిల్లవాడికి మేము ఎన్నిసార్లు చెప్పినా వినడు గాని, బట్టీ ఒక్కసారి చెబితే వింటాడు.

మొదటి కాల్పు సుమారు 900 నుండి 1000 డిగ్రీల వరకు. ఆ తరువాత గ్లేజు పూత. గ్లేజు అంటే ఒట్టి రంగు కాదండీ, అది గాజు. ఇసుకలోని సిలికా తనంతట తాను కరగాలంటే 1700 డిగ్రీల వేడి కావాలి. బోరాక్సు వంటిది కలిపితే ఎంతో తక్కువ వేడికే కరుగుతుంది. కరిగినది జారిపోకుండా కొంత మట్టి కలుపుతారు. కాల్చిన గిన్నెను ఆ నీళ్లలో ముంచి తీస్తే, గిన్నె నీటిని తాగేసి పొడిని పైన నిలుపుకుంటుంది. అడుగున అంటిన పూతను తుడిచెయ్యాలి, లేకపోతే రెండో కాల్పులో బట్టీ పలకకు అతుక్కుపోతుంది. పూసేటప్పుడు నల్లగా ఉన్న కోబాల్టు ఆక్సైడు బయటికి నీలంగా వస్తుంది. రాగి ఆకుపచ్చ నిస్తుంది, ఇనుము తేనెరంగు నుండి గోధుమరంగు దాకా ఇస్తుంది. కెమిస్ట్రీ పుస్తకంలో బట్టీ పట్టిన పేర్లను పిల్లలు ఇక్కడ కంటితో చూస్తున్నారు.

ఒక అమ్మాయి అడిగింది: "సార్, రంజన్‌కు కూడా గ్లేజు వేస్తే అందంగా ఉంటుంది కదా?" అందంగానే ఉంటుంది, కాని నీళ్లు చల్లబడవు. రంజన్ గోడలోంచి నీరు సన్నగా చెమర్చి ఆవిరి అవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాజు పూత ఆ దారి మూసేస్తుంది. ఈ జవాబును ఆ అమ్మాయి పరీక్షలో మరచిపోదని మా నమ్మకం.

తల్లులకు ముఖ్యంగా ఒక మాట. పూర్వం గ్లేజు సులువుగా కరగడానికి సీసం కలిపేవారు. ఇప్పటికీ కొన్నిచోట్ల కలుపుతున్నారు. అటువంటి పాత్రలో నిమ్మ, చింతపండు, ఆవకాయ వంటి పులుపు పోస్తే సీసం ఆహారంలోకి దిగుతుంది. అది పిల్లల మెదడుకు చెరుపు. మా క్లాసులో సీసం వాడము. మీరు కూడా ఏ పూతో తెలియని రంగురంగుల పాత్రలను అలంకారానికే ఉంచండి, అచారు పెట్టకండి.

ఇక మన ఇంటి సంగతి. పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గలదు. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినది. దాని గోడల మీది గ్లేజు పలకల పని ఈనాటికీ కళ్లు చెదరగొడుతుంది. 1908 మూసీ వరదలో కింది భాగం పలకలు దెబ్బతిన్నాయి. ఉర్దూలో ఈ పనిని కాశీకారీ అంటాము. ఇరాన్‌లోని కాషాన్ ఊరి పేరు మీద వచ్చిన మాట అది. ఆ ఊరి కుమ్మరి కుటుంబంలో పుట్టిన అబుల్ ఖాసిం అనే పండితుడు 1301లో మట్టి, గ్లేజు పాళ్లను గ్రంథంలో రాసిపెట్టినాడు. చెయ్యీ కలమూ ఒకే ఇంట్లో ఉన్నాయన్న మాట. మరి మనం ఎప్పుడు వాటిని వేరు చేసినాము?

మన హైదరాబాదులో 1897లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు రాష్ట్రపతి కావడానికి 30 ఏళ్ల ముందు, 1937లో, వార్ధా విద్యా కమిటీకి అధ్యక్షులు. చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నది ఆ కమిటీ పథకం. 2020 జాతీయ విద్యా విధానం సైతం 6 నుండి 8 తరగతుల పిల్లలకు సంచి లేని 10 రోజులు పెట్టి, వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటి వారి వద్ద పని నేర్పమని చెబుతున్నది. కాబట్టి ఇది మా పిచ్చి కాదు.

మా పిల్లలు కుమ్మరులే అవుతారని మేము చెప్పడం లేదు. అయితే మాత్రం తప్పేమిటి? ఆ మాటను చిన్నచూపుగా వాడటం పిల్లలు మన నోటినుండే నేర్చుకుంటారు. ఉర్దూ మీడియం అని బయట మన పిల్లలను చిన్నచూపు చూస్తే మనకు ఎంత బాధో మీకు తెలియనిది కాదు.

సొసైటీ పెద్దలకు మా మనవులు మూడు. ఆదివారం రెండు గంటలు హాలు ఇప్పించండి. ఒక చిన్న కరెంటు బట్టీకి నిధి సమకూర్చండి. సారె మీద చెయ్యి తిరిగిన ఒక కుమ్మరి పెద్దను ఉస్తాదుగా పిలిపించి, తగిన గౌరవ వేతనం ఇవ్వండి. తల్లిదండ్రులకు ఒక్కటే మనవి: అబ్బాయిలతో పాటు అమ్మాయిలను కూడా పంపండి, పాత బట్టలు వేసి పంపండి.

సెలవు. ఖుదా హాఫిజ్.