సంఘం కాగితాలు – డబుల్ లాకు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

2022లో జిల్లా రెండయింది గానీ మన సమావేశానికి మాత్రం అందరూ అనంతపురానికే వస్తున్నారు. చాలా సంతోషం.

కార్యదర్శిగారు నన్ను మన ఆఫీసు గదిలో పెట్టిన కంప్యూటరు సర్వరు గురించి చెప్పమన్నారు. విషయం వినగానే వెనక వరుసలో ఇద్దరు లేచి టీకి పోవడం చూశాను. ఫరవాలేదు, వాళ్లు వచ్చేలోగా కష్టమైన భాగం ముగిస్తాను.

ముందు ఈ పని ఎందుకు తలపెట్టామో చెప్పాలి. మన సంఘంలో ఒక మిత్రుడుండేవాడు. పేరు చెప్పను, మీలో చాలామందికి తెలుసు. ఎవరైనా పి.పి.ఓ. తెచ్చినా, సర్వీసు రిజిస్టరు పేజీల నకళ్లు తెచ్చినా ఓపికగా స్కాను చేసి తన ఇంటి కంప్యూటర్లో దాచేవాడు. సంఘానికి కంప్యూటరు ఉన్నా దానిమీద అతనికి నమ్మకం లేదు. "పాస్‌వర్డు ఎవరికీ చెప్పొద్దప్పా" అని అతనికి సలహా ఇచ్చింది నేనే. అతను ఆ సలహా తు.చ. తప్పకుండా పాటించాడు. ఒకరోజు తెల్లవారుజామున గుండెనొప్పితో పోయాడు.

ఫ్యామిలీ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు చూస్తే ఆయన భార్య పేరు పి.పి.ఓ.లో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. సరిచేయించడానికి సర్వీసు రిజిస్టరులోని కుటుంబ వివరాల పేజీ కావాలన్నారు. దాని నకలు ఆ కంప్యూటర్లోనే ఉంది. ఆమె నాకు ఫోను చేసి, "అన్నా, అందరి కాగితాలూ ఆయన దగ్గరే ఉండేవి గదా, ఆయనది యాడుందో మీకైనా తెలుస్తుందా?" అని అడిగింది. నేనే ఆ కంప్యూటరును ఆటోలో వేసుకొని ఒక రిపేరు అంగడికి తీసుకుపోయాను. "ఎట్లయినా ఆన్ చేసియ్యి నాయనా" అన్నాను. లోపల ఉన్నది ముందు కాపీ తీయమని చెప్పలేదు. సాయంత్రానికి ఆ అబ్బాయి ఆన్ చేసి ఇచ్చాడు. కొత్త విండోస్ వేసి, డిస్కు మొత్తం తుడిచి ఇచ్చాడు. అతను చేసింది నేను అడిగిన పనే. ఆమె కాగితమొక్కటే కాదు, మన సభ్యులు ఎందరివో పోయాయి. ఆ తల్లికి పేరు సరిచేయించి పెన్షన్ రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

నేను పనిచేసింది రిజిస్ట్రేషన్ శాఖలో. 1973లో చేరి 2009లో రిటైరయ్యాను. కాగితం పోగొట్టకపోవడమే మా ఉద్యోగం. దస్తావేజు రిజిస్టరయితే దాని నకలును పుస్తకం-1లో చేత్తో ఎక్కించేవాళ్లం. పేర్లకు ఇండెక్సు-1, ఆస్తులకు ఇండెక్సు-2. కరువు సంవత్సరం వస్తే భూమి అమ్ముకొనేవాళ్లూ, బ్యాంకు అప్పుకోసం ఈసీ అడిగేవాళ్లూ ఒకేసారి వచ్చి పడేవారు. ఇండెక్సులన్నీ తిరగేసి ఈసీ రాసివ్వడానికి రోజులు పట్టేవి. 1998 నవంబరులో 'కార్డ్' పథకం కింద రాష్ట్రంలో రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాయి. మా ఆఫీసులోనూ ఒక మూల సర్వరు, దానికి తీగలతో కలిపిన కంప్యూటర్లు పెట్టారు. సమాచారమంతా సర్వరులో ఉండేది. ఏ బల్లదగ్గర కూర్చున్న గుమాస్తా అయినా దాన్ని చూడగలిగేవాడు, ప్రింటు తీయగలిగేవాడు. నాకప్పుడు యాభైకి దగ్గర వయసు. మౌసు పట్టుకుంటే చెయ్యి వణికేది. కానీ దాన్ని చూడగానే ఇది రికార్డు రూమేనని అర్థమైంది. కాగితం మనిషి బీరువాలో కాదు, ఆఫీసు రికార్డు రూములో ఉండాలనేది మనం ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్చుకున్న పాఠం. సంఘం విషయానికొచ్చేసరికి నేనే మరిచిపోయాను.

ఇక మనం చేసిందేమిటో చెబుతాను. ఒక సభ్యుని కుమారుడు బెంగళూరునుండి తన పాత కంప్యూటరు ఇచ్చాడు. ఈ పనికి కొత్తది అవసరం లేదు, నాలుగు జీబీ ర్యామ్ ఉన్నా చాలు. అందులో లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వేశాం. ఉచితం. దానిమీద 'సాంబా' అనే సాఫ్ట్‌వేరు వేశాం. అదీ ఉచితమే. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకొనేటప్పుడు మాట్లాడుకొనే భాషను ఎస్‌ఎంబి అంటారు. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి, రెండు యంత్రాల మధ్య తీగమీద నడిచే సంభాషణను గమనించి, అదే భాష మాట్లాడే ప్రోగ్రాము ఒకటి రాశాడు. తర్వాత పేరు కావలసివచ్చి ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే మాటలకోసం కంప్యూటర్లోని పదాల జాబితాలో వెతికితే 'సాంబా' దొరికింది. మన ఆఫీసులో మాత్రం ఆ యంత్రానికి సాంబయ్య అని పేరు స్థిరపడింది. సోమవారం దానికి బొట్టుపెట్టే సభ్యులు కూడా ఉన్నారు. వద్దనలేదు గానీ, కుంకుమ గాలి రంధ్రాల్లో పడకుండా చూడమన్నాను.

పని చేసింది నా మనుమడు, నేను పక్కన కూర్చొని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎనిమిది తీగలు పెట్టుకొనే స్విచ్చి ఒకటి కొన్నాం. సర్వరు, మూడు కంప్యూటర్లు దానికి కలిపాం. లేజరు ప్రింటరును యూఎస్‌బీ తీగతో సర్వరుకే తగిలించాం. ప్రింటరు పని చూసేది లినక్స్‌లోని కప్స్ అనే విభాగం, దాన్ని మిగతా విండోస్ యంత్రాలకు చూపేది సాంబా. వెనుక ఒక కంప్యూటరుకే ప్రింటరు ఉండేది గనుక పెన్‌డ్రైవు పట్టుకొని బల్ల బల్లకూ తిరిగేవాళ్లం, దానితోపాటు వైరసులనూ తిప్పేవాళ్లం. ఇప్పుడు ఎవరి చోటునుండి వారు ప్రింటు ఇవ్వవచ్చు.

సాంబా మొత్తం ఒకే ఒక దస్త్రం ప్రకారం నడుస్తుంది. మామూలు అక్షరాల్లో రాసిన ఆఫీసు ఆర్డరులాంటిది. ఏ ఫోల్డరు పంచాలి, ఎవరు చూడవచ్చు, ఎవరు రాయవచ్చు అన్నీ అందులోనే. మార్చిన ప్రతిసారీ 'టెస్ట్‌పార్మ్' అనే ఆజ్ఞ ఇస్తే అందులోని తప్పులు చూపుతుంది. ఫెయిర్ కాపీని సూపరింటెండెంటు చూసినట్టు అనుకోండి.

ఫోల్డర్లు మూడు పెట్టాం. 'ఫారాలు' అందరూ చూడవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మార్చడానికి లేదు. 'లెక్కలు'లో కోశాధికారి రాస్తారు, అధ్యక్ష కార్యదర్శులు చూస్తారు. మూడోది 'పెన్షనర్లు'. అందులోకి కార్యదర్శిగారికి, మన ఆపరేటరు అమ్మాయికి మాత్రమే ప్రవేశం. నాకు కూడా లేదు. దానిలోపల పాత పద్ధతిలోనే విభజించాం. పి.పి.ఓ.లు, సర్వీసు పేజీలు ఆర్.డిస్., అంటే శాశ్వతం. మన ఉత్తర ప్రత్యుత్తరాలు డి.డిస్., పదేళ్లు. మామూలు అర్జీలు ఎల్.డిస్., ఏడాది. అది చూసి రెవిన్యూ సోదరులు నవ్వారు, కానీ ఎవరికీ విడమరచి చెప్పే పని లేకపోయింది.

ఇక్కడే రెండు రోజులు ఇరుక్కుపోయాం. కార్యదర్శిగారికి 'పెన్షనర్లు'లో రాసే అధికారం ఆ దస్త్రంలో ఇచ్చినా యంత్రం ఒప్పుకోలేదు. కారణం ఏమంటే తాళాలు రెండున్నాయి. సాంబా ఇచ్చే అనుమతి ఒకటి, లోపల లినక్స్ ఆ ఫోల్డరుకు వేసుకున్న అనుమతి ఇంకొకటి. రెండూ తెరుచుకుంటేనే పని జరుగుతుంది. మనుమడు విసుక్కుంటుంటే, "ఇది ట్రెజరీ డబుల్ లాకురా, ఒక తాళంచెవితో స్ట్రాంగు రూము తెరుచుకోదు" అన్నాను. ఆ మాటతో వాడికి తట్టింది. పాస్‌వర్డులు కూడా అంతే, లినక్స్‌లో మనిషిని చేర్చినంత మాత్రాన చాలదు, సాంబాలో విడిగా ఎక్కించాలి.

అంతా బాగుందనుకున్న వారానికి కరెంటు పోయింది. తిరిగి వచ్చాక ఏ కంప్యూటరుకూ సర్వరు కనిపించలేదు. ప్రతి యంత్రానికీ నెట్‌వర్కులో ఒక నెంబరుంటుంది. దాన్ని రౌటరు పంచుతుంది. కరెంటు వచ్చాక అది సర్వరుకు వేరే నెంబరు ఇచ్చింది. మిగతావన్నీ పాత నెంబరులోనే వెతుకుతున్నాయి. రికార్డు రూము రోజుకొక గదికి మారితే అటెండరు ఏం చేస్తాడు? అందుకని సర్వరుకు 192.168.1.10 అని శాశ్వత నెంబరు కేటాయించాం. యూపీఎస్ కూడా కొన్నాం. మన ఊరి దుమ్ము సంగతి మీకు తెలిసిందే, మూడు నెలలకొకసారి మూత తీసి ఫ్యాను శుభ్రం చేయించకపోతే ఏప్రిల్ దాటదు.

ఒక విషయంలో కొందరు సభ్యులకు నామీద కోపం వచ్చింది. సంఘంలో ఉన్న పాత ఎక్స్‌పీ కంప్యూటరును నెట్‌వర్కునుండి తీసేశాం. అది బాగానే పనిచేస్తున్నమాట నిజం. కానీ దానికి ఎస్‌ఎంబి మొదటి రకం తప్ప వేరేది రాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరసు ప్రపంచమంతా పాకింది ఆ మొదటి రకంలోని లోపం గుండానే. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు రెండు నెలల ముందే, మార్చిలో, మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువ నష్టపోయారు. 2019నుండి సాంబా కూడా ఆ రకాన్ని మామూలుగా మూసే ఉంచుతోంది. దాన్ని తెరిస్తే ఎక్స్‌పీ పనిచేస్తుంది, నిజమే. ఒక్క పాత యంత్రం కోసం అందరి పి.పి.ఓ.లూ పణంగా పెట్టడం నాకు ఇష్టం లేదు. అలాగే ఈ సర్వరును ఇంటర్నెట్టునుండి ఎవరూ చేరే వీలు లేకుండా ఉంచాం. అమెరికాలో ఉన్న మీ పిల్లలకు అందుబాటులో పెట్టమని ఇద్దరడిగారు. క్షమించాలి, అది కుదరదు.

ఇప్పుడు అసలు సంగతి, నకళ్లు. సర్వరులో రెండు డిస్కులున్నాయి, ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడుతుంది. చాలామంది దానితో నిశ్చింతగా ఉంటారు. డిస్కు చెడిపోతే అది కాపాడుతుంది. మనం పొరపాటున చెరిపేస్తే మాత్రం రెండింటిలోనూ చెరిగిపోతుంది. అందుకని ప్రతి శనివారం బయటి డిస్కుకు ఆర్‌సింక్ అనే ప్రోగ్రాముతో నకలు తీస్తున్నాం. అదీ ట్రిడ్జెల్ మరొకరితో కలిసి రాసిందే. ఆ డిస్కు ఆఫీసులో ఉండదు, కోశాధికారిగారి ఇంటికి పోతుంది.

తీసిన నకలు పనికొస్తుందో లేదో చూద్దామని రెండో నెలలో ఒక ఫైలు వెనక్కి తెచ్చే ప్రయత్నం చేశాం. బయటి డిస్కు ఖాళీ! నాకు కాళ్లు చల్లబడ్డాయి. డిస్కు తగిలించాం గానీ లినక్స్ దాన్ని అందుకోలేదు. ఆర్‌సింక్ తన పని తాను చేసుకుపోయి, నకళ్లన్నీ సర్వరు సొంత డిస్కులోనే, అదే పేరున్న ఖాళీ ఫోల్డరులో పెట్టింది. అయిదు వారాలు మా అమ్మాయి "నకలు తీయడమైనది" అని రిజిస్టరులో సంతకం చేస్తూ వచ్చింది, కింద నేనూ పెట్టాను. ఇప్పుడు డిస్కు నిజంగా కలిసిందో లేదో చూసుకొనిగానీ అది మొదలు కాదు. ప్రతి నెలా ఒక ఫైలు వెనక్కి తెచ్చి, ప్రింటు తీసి, ఆ ప్రింటునే రిజిస్టరుకు అంటిస్తున్నాం.

సర్వరు పాస్‌వర్డు కాగితంమీద రాసి, సీలు వేసిన కవరులో పెట్టి సంఘం బీరువాలో ఉంచాం. బీరువాకు తాళాలు రెండు. ఒక చెవి అధ్యక్షులవారి దగ్గర, ఒకటి కోశాధికారి దగ్గర. సర్వరు పనులన్నీ దశలవారీగా తెలుగులో రాసిన నా నోటుపుస్తకం కూడా అందులోనే ఉంది.

మొదట స్కాను చేసింది ఆ సోదరి కాగితాలే. కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. పనంతా అయ్యాక, "అన్నా, ఈసారి తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని అడిగింది. బీరువా చూపించాను.

శనివారాల్లో పది నుండి ఒంటిగంట దాకా ఆఫీసులో ఉంటాం. పి.పి.ఓ., సర్వీసు పేజీలు ఏవి ఉంటే అవి తెండి, స్కాను చేసి అసలు అక్కడికక్కడే ఇచ్చేస్తాం. ఇష్టం లేనివారు ఇవ్వనక్కరలేదు. బ్యాంకు పాస్‌వర్డులు, ఓటీపీలు మాత్రం మాకు చెప్పవద్దు, మేము అడగం. నాకు డెబ్బై నాలుగు నడుస్తున్నాయి, మనుమడు బెంగళూరు పోయాడు. ఈ పని నేర్చుకోవడానికి ఇంకా ఇద్దరు కావాలి. టీకి వెళ్లిన ఇద్దరూ వచ్చి కూర్చున్నట్టున్నారు. వారి పేర్లే ముందు రాసుకోమని కార్యదర్శిగారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.