కారం మండితే నీళ్లు కాదు, పెరుగు

హిందూపురం మార్కెట్ యార్డులో ఎండుమిర్చి బేరాలు జోరుగా సాగుతాయి. పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో రాగిసంగటి పక్కన కారం దండిగా వేసి నూరిన చెనిక్కాయల పచ్చడి ఉండాల్సిందే. నోరు భగ్గుమంటే చెయ్యి ముందు నీళ్ల చెంబు మీదికే పోతుంది.

నీళ్లతో ఆ మంట పోదు.

మిరపలోని క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. వేడిని పసిగట్టే నరాల గ్రాహకాలను అది రేపుతుంది. అందుకే నోరు కాలకపోయినా కాలినట్టే ఉంటుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో మరొకరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

పాలు, పెరుగులోని కేసిన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టి లాగేస్తుంది. మిరపకాయలు తరిగి చేతులు మండితే నూనె రాసి, సబ్బుతో కడగాలి.

పిల్లలకు కారం తగిలితే, నీళ్లకంటే ముందు రెండు చెంచాల గడ్డపెరుగు తినిపించండి.