ట్రాక్టరు షాఫ్టు – దాని తొడుగు

(నల్లపాడు రైతుల నుద్దేశించిన ప్రసంగపాఠము)



మన నల్లరేగడి నేలలలో పత్తి తీత ముగిసిన పిమ్మట కట్టెను ముక్కలు చేసి మట్టిలో కలుపుటకు రోటవేటరును వాడుచున్నాము. మిరపతోటకు మందు చల్లు పంపును గూడ ట్రాక్టరే త్రిప్పుచున్నది. ట్రాక్టరు శక్తిని ఈ పనిముట్లకు అందించునది వెనుకనుండు పీటీఓ షాఫ్టు.

ఈ షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. 7 సెంటీమీటర్ల లావుగల గొట్టమునకు తుండుగుడ్డ కొసయో, చీరచెంగో చిక్కినచో ఒక్క సెకనులో సుమారు 2 మీటర్ల గుడ్డ చుట్టుకొనును. కేకవేయుటకైనను వ్యవధి యుండదు. కావున షాఫ్టును చేయించునపుడును, కొనునపుడును నాలుగు విషయములు గమనింపవలెను.

మొదటిది బలము. 40 అశ్వశక్తి 540 చుట్లపై సాగునపుడు షాఫ్టుపై పడు మెలి, మీటరు పొడవుగల కాడ చివర సుమారు 53 కిలోల బరువు వ్రేలాడదీసినంత యుండును. రోటవేటరు కత్తి రాతికి తగిలిన క్షణమున అది మరెంతో హెచ్చును. చేతికందిన నీళ్లపైపును అతికి షాఫ్టుగా వాడరాదు.

రెండవది కీళ్లు. గొట్టపు రెండు చివరల యోకులు ఒకే వరుసలో నుండవలెను. తప్పినచో షాఫ్టు వణకి బేరింగులు చెడును. ఒకదానిలోనొకటి జారు గొట్టములు పనిచేయునపుడు కనీసము మూడవవంతు కలిసియుండవలెను. లేనిచో ఊడి కొరడావలె కొట్టును.

మూడవది షియర్ బోల్టు. యంత్రము ఇరుకుకొనినపుడు తాను తెగి షాఫ్టును, గేరుపెట్టెను కాపాడుటయే దాని పని. మాటిమాటికి తెగుచున్నదని గట్టి బోల్టు బిగించుట, కాపలాకుక్క మొరుగుచున్నదని దాని నోరు కట్టుటయే.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది తొడుగు. ఇది షాఫ్టుతో తిరుగక, గొలుసుతో కట్టబడి నిలిచియుండవలెను. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, గొలుసు విప్పి చేతితో త్రిప్పి చూడుడు. సులువుగా తిరిగినచో మంచిది. బిగిసినచో బాగుచేయించి, గొలుసు మరల తగిలింపుడు. గ్రీజు పెట్టుటకు అడ్డమని తొడుగును ఊడదీసి మూల పడవేయకుడు.

నూర్పిడి యంత్రముల వంటి ప్రమాదకర యంత్రముల విషయమై 1983లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. కాని చట్టము మన పొలముగట్టున కాపలా యుండజాలదు. తొడుగులేని షాఫ్టును వర్క్‌షాపు సోదరులు ఇయ్యరాదు, రైతు పుచ్చుకొనరాదు. షాఫ్టు తిరుగుచుండగా దానిని ఎవరును దాటరాదు. పిల్లలను దరికి రానీయరాదు.

విరిగిన షాఫ్టు గుంటూరులో దొరకును. పోయిన చేయి ఏ బజారునను దొరకదు. ఈ మాటను ఇంటింట చెప్పవలసినదిగా కోరుచున్నాను.