రసకర్పూరము: ఒక పేరు, రెండు పదార్థములు



ఈనాటి నా ప్రసంగవిషయము రసకర్పూరము. పేరు విన్నంతనే హారతికర్పూరము తలపునకు వచ్చును. కాని తెల్లదనమునందును, వేడి తగిలిన ఆవిరియై పైకి లేచుటయందును తప్ప ఆ కర్పూరమునకును దీనికిని చుట్టరికము లేదు. ఇది పాదరసమునుండి పుట్టిన లవణము. ముప్పది యేండ్లకు మించి బడిలో తెలుగును సంస్కృతమును చెప్పినవాడను. రసాయనశాస్త్రము నా విద్య కాదు. అయినను ఒక్క పదము రెండు వస్తువులను చెప్పుచు మనుష్యుల ప్రాణము మీదికి తెచ్చునపుడు, పదములతో బ్రదికినవాడు ఊరకుండరాదని యీ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

పాదరసమునకు అమరకోశమున చపలమను పర్యాయము కలదు. నిలుకడ లేనిదని దాని భావము. ఈ చపలము క్లోరిన్ అను వాయువుతో రెండు విధములుగా కూడును. మొదటిది మెర్క్యురస్ క్లోరైడు; వాడుకలో కాలొమెల్ అందురు. దీని నూరు పాళ్లలో ఎనుబదియైదు పాళ్లు పాదరసము, తక్కినది క్లోరిన్. రెండవది మెర్క్యురిక్ క్లోరైడు. ఇందు పాదరసము డెబ్బదినాలుగు పాళ్లు మాత్రమే. రెండును తెల్లనివే. మన గ్రంథములలోను అంగళ్లలోను రసకర్పూరమను పేరును కొందరు మొదటిదానికి వాడిరి, కొందరు రెండవదానికి వాడిరి. చిక్కంతయు ఇక్కడనే కలదు.

పాదరసము హెచ్చుగా గలదే ఎక్కువ విషమని మనము తలతుము. నిజము అందుకు విరుద్ధము. కాలొమెల్ నీట కరగదనియే చెప్పవచ్చును. లీటరు నీటిలో రెండు మిల్లీగ్రాములకు మించి కలియదు. రెండవదియో, నూరు గ్రాముల నీటిలో సుమారు ఏడు గ్రాములు కరగును. కరగినది రక్తమున చేరును, పేగులను తినివేయును, మూత్రపిండములను చెరచును. ఒకటి రెండు గ్రాములు కడుపులోనికి పోయిన మనిషి బ్రదుకుట దుర్లభము. మొదటిది మెల్లగా చెరుపు చేయునది, రెండవది శీఘ్రముగా చంపునది. అంతియే కాదు, వెలుతురు సోకిన కాలొమెల్ కొంత విడిపోయి, పాదరసముగను ఆ రెండవ విషముగను మారును. కావుననే దానిని నల్లని సీసాలలో దాచుదురు.

రెండవదానిని చేయు విధము మన రసశాస్త్రజ్ఞులు ఊర్ధ్వపాతనమని పిలిచినదే. పాదరసపు గంధకిక లవణమును ఉప్పుతో కలిపి కాచినచో, ఆవిరి పైకి లేచి చల్లని మూతకు తెల్లని పలుకులై అంటుకొనును. ఆ పలుకులను మరికొంత పాదరసముతో నూరి మరల కాచిన కాలొమెల్ వచ్చును. ఒకే మూషనుండి అమిత విషమును, అల్పవిషమును రెండును పుట్టుచున్నవి.

నేను కొలువులో నుండగా ఒక రైతు తన తాతగారి మందులపెట్టెలోని పొట్లమును తెచ్చెను. దానిపై రసకర్పూరమని వ్రాసి యుండెను. మనుమనికి మలబద్ధకము, ఇది ఇంత ఇయ్యవచ్చునా యని యడిగెను. నేను దానిని మా రసాయనశాస్త్రోపాధ్యాయుని కడకు తీసికొనిపోతిని. ఆయన రవంత పొడిని గాజుగొట్టములో వేసి సున్నపుతేట పోసెను. కాలొమెల్ అయినచో నల్లబడవలెను. అది పసుపుపచ్చనై దిగెను. రైతు చాలసేపు మాటాడలేదు. ఆ పొట్లమును ఆయన ఇంటికి కొనిపోనీయక, ప్రయోగశాల బీరువాలో తాళము వేసి యుంచితిమి. చెరువులోనో పెంటకుప్పలోనో పారవేసిన విషము నశింపదు గదా!

దీని ఉపయోగములు చెప్పకుండుట న్యాయము కాదు. 1881లో జర్మను పండితుడు రాబర్టు కాఖ్ మెర్క్యురిక్ క్లోరైడు మిక్కిలి పలుచని ద్రావణము సయితము సూక్ష్మక్రిములను చంపునని చూపెను. అటుపిమ్మట శస్త్రవైద్యులు వేయింట నొకపాలు కలిపిన నీట చేతులు కడుగుకొనిరి. దానిలో నానబెట్టి కలపను కుళ్లునుండి కాపాడు పద్ధతికి 1832లో కయాన్ అను ఐర్లండువాడు హక్కు పొందెను. కాలొమెల్ విరేచనౌషధముగా శతాబ్దముల తరబడి చెల్లినది. 1793లో ఫిలడెల్ఫియా నగరమున పచ్చజ్వరము ప్రబలినపుడు బెంజమిన్ రష్ అను వైద్యుడు దానిని విరివిగా నిచ్చెను. 1863లో అమెరికా సేనావైద్యాధిపతి హేమండు దానివలని హానిని గమనించి సైన్యపు మందులపట్టికనుండి తొలగించెను. తోడివైద్యులు ఆయనపై కోపించిరి.

బిడ్డలకు పండ్లు వచ్చునపుడు ఇచ్చు చూర్ణములలో దీనిని కలుపు ఆచారము ఇంగ్లాండులో ఉండెను. ఆ బిడ్డలలో కొందరికి చేతులు కాళ్లు ఎఱ్ఱబడి, నిద్రలేక, వెలుతురు చూడలేక బాధపడెడి వ్యాధి కలిగెను. కారణము పాదరసమని తేలి 1954లో ఆ చూర్ణములను మానగా, వ్యాధియు క్రమముగా మాయమయ్యెను. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఇప్పుడు కాలొమెల్‌నకు మిగిలిన మర్యాదగల స్థానము ప్రయోగశాల. అచ్చట విద్యుత్పీడనమును కొలుచు సాధనమున అది ఆధారము. పాదరసమును అదుపులో నుంచుటకై 2013లో దేశములు మినమాటా ఒడంబడికను చేసికొనెను. భారతదేశము 2018లో దానిని ఆమోదించెను. అయినను చర్మము తెల్లబడునని ఆశచూపి అమ్ము కొన్ని లేపనములలో ఈ లవణము నేటికిని పట్టుబడుచున్నది.

కావున పెద్దలారా, నా ప్రార్థన యిది. ఇంటిలో పాతపొట్లమున్నచో పేరును నమ్మి నోట వేయకుడు, పసిపిల్లలకు పెట్టకుడు, సున్నపుతేటతో మీరే పరీక్షింపబోకుడు. మూతగల సీసాలో నుంచి, దానిని ఎఱిగిన ప్రభుత్వవైద్యుని కడకు చేర్చుడు. ఎవరైన పొరపాటున మ్రింగినచో ఇంటివైద్యమునకు కాలము పుచ్చక వెంటనే ఆసుపత్రికి కొనిపొండు. విషమేదో తెలియుటకు పొట్లమును వెంట తీసికొనుడు. పేరు అందముగా నున్నంతమాత్రమున వస్తువు మంచిది కాదు.