భూతాపము: మానవుని పాలెంత?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ గ్రంథాలయపు అరుగుమీద ప్రతి వేసవిలోను ఒక వాదము జరుగుచుండుట మీరెరిగినదే. పత్రిక చదివిన యువకుడొకడు, మనుష్యుల చేతల వలననే భూమి వేడెక్కుచున్నదనును. ప్రక్కనున్న పెద్దలొకరు, “భూమి యెంత, మనిషి యెంత? మా తాతల కాలమున ఎండలు లేవా, కరవులు రాలేదా?” అని అడుగుదురు. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. చాలకాలము గొప్ప శాస్త్రజ్ఞులును ఈ ప్రశ్ననే అడిగిరి. దానికి సమాధానము దొరకిన తీరును మీకు విన్నవింపవలెనని నా కోరిక.

మొదట వివాదమునకు తావులేని మాట చెప్పెదను. సూర్యరశ్మి గాలిగుండా సులభముగ దిగివచ్చి నేలను వేడిచేయును. ఆ వేడి కంటికి కానరాని కిరణములుగా తిరిగి పైకి పోవును. 1856లో యూనిస్ ఫుట్ అను అమెరికా వనిత గాజుగొట్టములలో వేర్వేరు వాయువులను నింపి ఎండలో నుంచి, బొగ్గుపులుసు వాయువు గల గొట్టము అన్నిటికంటె ఎక్కువ వేడెక్కుట చూచెను. 1859లో లండనులో జాన్ టిండాల్ పరికరములతో కొలిచి, గాలిలో అత్యధికభాగమైన నత్రజనియు ప్రాణవాయువును ఆ వేడికిరణములను అడ్డవనియు, స్వల్పముగ నుండు నీటియావిరియు బొగ్గుపులుసు వాయువును వానిని పట్టుకొనుననియు తేల్చెను. 1896లో స్వీడనుదేశపు స్వాంటె అరీనియస్, ఈ వాయువు రెండింతలైనచో భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కునని లెక్కకట్టెను.

ఆక్షేపణ వెంటనే వచ్చినది. అదే దేశపు క్నూట్ ఆంగ్‌స్ట్రామ్ 1900లో, ఉన్న వాయువే పట్టగలిగినంత వేడిని పట్టుచున్నదని చూపెను. నిండిన కుండలో ఇంకను నీరు పోసిన లాభమేమి అనునట్టి వాదమిది. ఇది దాదాపు అర్ధశతాబ్దము నిలిచినది. నిజమునకు వేడి తప్పించుకొనిపోవు తావు నేలకు దగ్గరగా లేదు. పైన, గాలి పలుచబడు చోట నున్నది. వాయువు పెరిగినకొలది ఆ తావు ఇంకను పైకి, చల్లని పొరలకు జరుగును. చల్లని పొర తక్కువ వేడినే వెలికి పంపును. 1956లో గిల్బర్ట్ ప్లాస్ లెక్కలు దీనిని స్పష్టపరచినవి.

ఈ కథలో నాకెక్కువ ఇష్టుడు గై కాలెండర్. ఇతడు ఆవిరియంత్రముల విషయమున ఆరితేరిన ఇంగ్లీషు ఇంజనీరు. వాతావరణము ఇతని వృత్తి కాదు. తీరికవేళల 147 కేంద్రముల ఉష్ణోగ్రతలను కూర్చి, అర్ధశతాబ్దములో భూమి కొంత వేడెక్కెననియు, బొగ్గు కాల్చుటయే అందుకొక కారణమనియు 1938లో లండనులోని రాయల్ మెటియోరలాజికల్ సొసైటీ ముందుంచెను. పెద్దలు ఒప్పుకొనలేదు. వారిలో సర్ జార్జి సింప్సన్ ఒకరు. ఆయన యౌవనమున సిమ్లాలో మన వాతావరణ శాఖలో పనిచేసినవారే. వాయువు పెరుగుట, వేడిమి పెరుగుట కాకతాళీయములని ఆయన అభిప్రాయము. కాలెండర్ మాత్రము లెక్కలు వదలలేదు. విచిత్రమేమనగా, తాను కనుగొన్నది కీడని ఆయనయు తలపలేదు. చలిదేశముల పైరులకు మేలగుననియు, హిమయుగము వెనుకకు జరుగుననియు సంతోషించెను!

1958లో చార్లెస్ కీలింగ్ హవాయిదీవిలోని మౌనాలోవా కొండపై గాలిని కొలువ నారంభించెను. అప్పుడు పదిలక్షల పాళ్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు సుమారు 315 పాళ్లు. ఏటేటా చెట్లు చిగిర్చి పెరుగునపుడు కొంత దిగుచు, ఆకులు రాలునపుడు ఎక్కుచు, భూమి ఊపిరి తీసికొనుచున్నదా యనునట్లుండు ఆ గీత మొత్తముమీద పైకే పోవుచున్నది. 2024 సగటు 420 దాటినది. అంటార్కిటికా మంచులో చిక్కుకొన్న పాతగాలి బుడగలను పరీక్షింపగా, యంత్రయుగమునకు ముందు అది సుమారు 280 మాత్రమే. 8 లక్షల ఏండ్లలో 300ను ఎన్నడును పెద్దగా మించలేదు.

ఈ అధికమైన వాయువు మనిషిదేనా? అగ్నిపర్వతములది కారాదా? దొంగను కాలిజాడ పట్టియిచ్చినట్లు ఇచటను జాడలున్నవి. బ్రతికియున్న చెట్టుచేమలలో ఒక విధమగు కార్బను కలదు; అది 5,730 ఏండ్లకు సగమగును. కోట్ల ఏండ్లు భూగర్భమున నున్న బొగ్గున, చమురున అది మిగులదు. గాలిలో ఆ కార్బను పాలు పలుచబడుచుండుట 1955లో హాన్స్ స్యూస్ చెట్ల కలపను పరీక్షించి చూపెను. దహనమునకు తగినట్లే గాలిలో ప్రాణవాయువును కొంచెము తగ్గుచున్నది. ఇక అగ్నిపర్వతములు వెలువరించునది మానవుని లెక్కలో నూటికొక పాలైనను కాదు.

పోనీ, సూర్యుడు? 1978 నుండి ఉపగ్రహములు సూర్యుని తేజస్సును కొలుచుచున్నవి. భూతాపమునకు తగిన పెరుగుదల అందు కానరాదు. మరియొక సాక్ష్యము కలదు. సూర్యుడే కారణమైనచో పైగాలి, క్రిందిగాలి రెండును వేడెక్కవలెను. కాని క్రింద వేడెక్కుచుండగా బహుపైనున్న పొర చల్లబడుచున్నది. దుప్పటి మందమైనపుడు జరుగవలసినదదియే.

సందేహించువారిలో నిజాయితీపరులును కలరు. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ముల్లర్ పాత ఉష్ణోగ్రతల లెక్కలను నమ్మక, 2010లో ఒక బృందమును కూర్చి మొదటినుండి తానే లెక్కించెను. ఆ పనికి ధనమిచ్చినవారిలో చమురు వర్తకులకు చెందిన సంస్థయు నుండెను. తుదకు 2012లో, భూమి వేడెక్కుట నిజమేయనియు, దాదాపు అంతయు మానవుని వలననే యనియు బహిరంగముగ ఒప్పుకొనెను. అట్లు ఒప్పుకొనుట ఎంత కష్టమో తగవులాడిన మనకందరకు తెలియును. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘము 2021లో, మానవుని పాత్ర నిస్సంశయమని ప్రకటించినది.

వాదములన్నియు ముగిసినవని నేననుట లేదు. వాయువు రెండింతలైనచో వేడిమి 2.5 డిగ్రీలు పెరుగునా, 4 పెరుగునా యన్నది మేఘముల నడవడిని బట్టియున్నది. అది ఇంకను పూర్తిగా తేలలేదు. మన ఋతుపవనముల భవిష్యత్తు మరియు చిక్కైన లెక్క.

ఇప్పుడు అరుగుమీది పెద్దల ప్రశ్నకు వచ్చెదను. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వడగాడ్పులకు వందలకొలది ప్రజలు చనిపోయిరి. వారిలో పొలముపనివారు, కూలివారు ఎందరో. ఆ ఒక్క వేసవిని చూపి ఇదిగో సాక్ష్యమనుట తప్పు. తాతల కాలమునను అట్టి వేసవులుండెను. మారినది నేల వేడి మొత్తపు మట్టము. నీటిమట్టము పెరిగిన చెరువు అలుగు త్వరగా పారునట్లే, మట్టము పెరిగిన ఎండ తరచుగా హద్దు దాటుచున్నది. 2011–2020 నాటికే భూమి సగటు 1850–1900 కాలముకంటె సుమారు 1.1 డిగ్రీలు హెచ్చినది.

ఇంతవరకు విన్న పిదప ఆ పెద్దలే నన్ను మరల అడిగిరి: “సరే, ఒప్పుకొంటిమి. ఏడాదికి అమెరికావాడు తలకు 14 టన్నులు, మనవాడు 2 టన్నులు ఆ వాయువును వదలుచున్నారని నీవే చెప్పితివి. ఎండలో పనిచేయువాడు మాత్రము మనవాడే. ఇది ఎక్కడి న్యాయము?” ఈ ప్రశ్నకు టిండాల్ పరికరము సమాధానము చెప్పజాలదు. నేనును చెప్పలేకపోతిని. సభవారు ఆలోచింపవలెనని మీ ముందుంచి సెలవు తీసికొనుచున్నాను.